సంతరోజు పుట్టగొడుగుల కూర

నా చిన్నప్పుడు మా అమ్మని ఊళ్లో అందరూ తిండిపోతు అనేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది. చింతపల్లి నుంచి పాడేరు వెళ్లే దారిలో, సంత జరిగే చోట, మాకు రేకుల పాకలో చిన్న భోజన హోటల్ ఉండేది. నాన్న మలేరియాతో పోయాక ఆ పొయ్యే మమ్మల్ని సాకింది. వండిన ఆడది అందరూ తిన్నాక మిగిలింది తినడం ఎక్కడైనా ఉన్నదే. మా అమ్మ మాత్రం కూర దించగానే కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుని, ముందు తనే ఇంత అన్నం కలుపుకుని తినేసేది. తిన్నాక గుమ్మంలో చాలాసేపు ఊరికే కూర్చునేది. అంతవరకూ నన్ను గరిటె ముట్టుకోనిచ్చేది కాదు.

వానాకాలంలో పుట్టగొడుగుల కూర కోసం కింద మైదానం నుంచి వచ్చే వర్తకులు కూడా మా హోటల్ వెతుక్కుంటూ వచ్చేవారు. ఏటా కొండమీది ఊరి ముసలమ్మ ఒకావిడ వాటిని ఏరి తెచ్చేది. తినేవేవో తినకూడనివేవో ఆవిడకి బాగా తెలుసు. ఒక ఏడు సంతరోజున ఆవిడకి కాలు బాగాలేక, వేరే ఊరి నుంచి కొత్తగా వచ్చిన కోడలు గంప పట్టుకొచ్చింది. అమ్మ ఒక్కొక్కటీ తిప్పి చూసి, అనుమానం వచ్చినవి అవతల పారేసి, మిగతావి వండింది. ఎప్పటిలాగే ముందు తిని గుమ్మంలో కూర్చుంది.

పొద్దెక్కేసరికి కడుపు పట్టుకుని వంగిపోయింది. వాంతులు ఆగలేదు. సంతకి జనాన్ని దింపిన జీపు డ్రైవర్ మావయ్య ఆవిడని ఎత్తి వెనక సీట్లో పడుకోబెట్టి, పాడేరు ఆసుపత్రికి బయల్దేరాడు. నేను అమ్మ తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అమ్మ చేతులు చల్లబడిపోతున్నాయి. నాన్న చేతులు కూడా అలాగే చల్లబడ్డాయి. నాకున్నది అమ్మ ఒక్కతే.

ఘాట్ రోడ్డు మొదటి మలుపు తిరిగామో లేదో, అమ్మ కళ్లు తెరిచింది.

"గిన్నికాడ ఎవులున్నారే?"

"ఎవులూ నేరు," అన్నాను.

జీపు ఆపమని డ్రైవర్‌కి సైగ చేసింది. "నువ్వు దిగు. బేగెల్లి ఆ కూర పారబొయ్యి. ఎవులి నోటా పడకూడదు," అంది నాతో.

నేను దిగనని ఆవిడ చీర పట్టుకుని ఏడ్చాను. ఆవిడ నా వేళ్లు విడదీసింది. అంత నీరసంలో ఆ బలం ఎక్కడినుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. జీపు మంచులోకి వెళ్లిపోయింది. నేను వానలో తడుస్తూ వెనక్కి పరిగెత్తాను.

హోటల్లో జనం విస్తళ్ల ముందు కూర్చుని ఉన్నారు. పక్క కొట్టు అత్త, పాపం, సాయం చేద్దామని అన్నాలు వడ్డించేసి కూరగిన్నె మూత తీస్తోంది. ఒక్క తోపుతో గిన్నె బోర్లించేశాను. ఈ గుంటకేటి, పిచ్చా అన్నారెవరో. ఏడుస్తూనే సంగతి చెప్పాను. అందరూ విస్తళ్లు వదిలి లేచిపోయారు.

ఆ తరవాత రోడ్డు పక్కనే నిలబడ్డాను. పాడేరు వైపునుంచి జీపు చప్పుడు వినపడితే చాలు, గుండె జారిపోయేది. అందులో అమ్మ ఉంటుందని కాదు, అమ్మ పోయిందన్న కబురు ఉంటుందని. అత్త ఎంత బతిమాలినా లోపలికి వెళ్లలేదు.

మర్నాడు డ్రైవర్ మావయ్య భుజం పట్టుకుని అమ్మ జీపు దిగింది. నన్ను చూస్తూనే, "ఎవులైనా తిన్నారేటి?" అని అడిగింది. నేదన్నాక గానీ నన్ను దగ్గరికి తీసుకోలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. తను మళ్లీ కనపడుతుందో లేదో తెలియకుండా కన్నపిల్లని రోడ్డుమీద దించేసి వెళ్లిందే అని, ఆ పూటంతా ఆవిడతో మాటాడలేదు.

కాస్త తిని కాసేపు చూసినంత మాత్రాన విషం తెలియదని, కొన్ని రకాలు మర్నాటికి గానీ బయటపడవని డాక్టరు గారు కోప్పడ్డారట. ఆ తరవాత పుట్టగొడుగులు మా గడప తొక్కలేదు. ముందు తినే అలవాటు మాత్రం అమ్మ మానలేదు. నేను పెద్దదాన్నయ్యాక ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను, నీకేమైనా అయితే నా గతేమిటని ఎప్పుడూ అనుకోలేదా అని. అమ్మ గిన్నెలు తోముతూ తలెత్తకుండానే అంది.

"ఎవులో ఒకలు తినాల కదే. ముందు నీకు పెట్టమంతావేటి?"

అమ్మ తొంభై దాటి బతికి, పోయిన వానాకాలంలో వెళ్లిపోయింది. జీపులోంచి దించేసిన కోపం నాలో ఇంకా కాస్త మిగిలే ఉంది, అబద్ధమెందుకు. ఇప్పుడు ఆ హోటల్ మా అమ్మాయి నడుపుతోంది. కూర దించి రుచి చూడబోతే దాని చెయ్యి పట్టుకుని ఆపుతాను. నేనున్నంతకాలం ముందు తినేది నేనే.