పెరుగు లేని భటూరాలు, పొంగిన నా పాండిత్యం

బంద్ లేని రోజు వస్తే, ఏమైందోనని జనం కంగారు పడే కాలం అది. తెలంగాణ ఉద్యమం ఊపు మీద ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో నేను లెక్కలు చెప్పేదాన్ని. అంటే, సెంటర్ తెరిచి ఉన్న రోజుల్లో. మిగతా రోజుల్లో ఎల్బీనగర్‌లో నేను అద్దెకుండే గదిలో కూర్చుని లోకానికి నీతులు చెప్పేదాన్ని. ఇరవై మూడేళ్ళ వయసులో మనిషికి తెలియనిదంటూ ఏముంటుంది? ఆ ఏడాది నాకు కొత్తగా తెలిసిందేమిటంటే, పాలు తాగడం మహాపాపమని. నెట్ సెంటర్లో గంటసేపు చదివి, పాలూ పెరుగూ నెయ్యీ మానేసి వేగన్‌నైపోయాను. (‘వేగనంటే ఏంది బిడ్డా? నూనెల వేగనియ్యే తింటవా?’ అని మా ఓనరాంటీ అమాయకంగా అడిగింది. ఆవిడ అజ్ఞానానికి నేను జాలిపడ్డాను.)

ఆంటీ వాళ్ళది నల్గొండ దగ్గర పల్లె. అంకుల్ బస్సు డ్రైవరు, సమ్మెలో ఉన్నాడు. నాది తెనాలి. ఒక సాయంత్రం మెట్ల మీద కూర్చుని, ఎవరూ అడక్కుండానే, “రాష్ట్రం వేరైనంత మాత్రాన బతుకులు మారిపోతాయా అంకుల్?” అన్నాను. ఆయన “నువ్వు లెక్కలు చెప్పుకో బిడ్డా” అని లోపలికెళ్ళిపోయాడు. ఆ తర్వాత పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను ఎదురుగానే నిలబడి ఉన్నా, “నల్లా ఒచ్చింది, నీళ్ళు పట్టుకొమ్మని ఆమెకు చెప్పు” అని ఆంటీకి చెప్పేవాడు. నేనూ తక్కువదాన్నా? “పట్టుకున్నానని అంకుల్‌కి చెప్పండాంటీ” అనేదాన్ని. “మీ నడుమ నేను పోస్ట్‌మాన్ లెక్కయిన” అని ఆంటీ తల పట్టుకునేది. ఇక రాబోయే కబురు గది ఖాళీ చేయమనేనని నాకు లోలోపల గుబులుగానే ఉండేది.

అంతలో చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. అంటే నిరసనగా నడిరోడ్డు మీదే వండుకుని, అక్కడే కూర్చుని తినడం. మా కాలనీ వంతుకు పూరీలు వచ్చాయి. “ఎప్పుడూ పూరీలేనా ఆంటీ? భటూరాలు చేద్దాం” అన్నాను.

“పెరుగు యాడికెల్లి తెస్తవే? బంద్‌ల పాల ప్యాకెట్టే దొరకకపాయె.”

“పెరుగెందుకండీ? వేగన్ పద్ధతిలో నేను చేస్తాగా!” (అప్పటికి నేను భటూరా తినడమే గానీ చేసిన పాపాన పోలేదు.)

“కాలనీ ఇజ్జత్ నీ చేతుల పెడుతున్న” అని ఆంటీ ఐదు కిలోల మైదా అప్పగించింది. పెరుగుకు బదులు నిమ్మరసం, సోడా ఉప్పు వేయాలని ఎక్కడో చదివాను. కప్పు పిండికి చిటికెడు సోడా. లెక్కల టీచర్ని కదా, చిటికెలను హెచ్చవేసుకుంటూ పోయి గుప్పెడు తేల్చాను. గంటైనా పిండి పొంగకపోయేసరికి, లెక్క తప్పిందేమోనని ఇంకో గుప్పెడు వేశాను.

చౌరస్తాలో డప్పులు, నినాదాలు, బారులు తీరిన పొయ్యిలు. నా మొదటి భటూరా నూనెలో బంతిలా పొంగింది. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను వినయం నటించేలోపే అది ఇటుక రంగులోకి తిరిగింది. పక్కింటావిడ ముక్క నోట్లో పెట్టుకుని, “ఏందే గిది, సబ్బుబిళ్ళ లెక్కున్నది!” అంది. అందరూ నవ్వారు. వెనక నుంచి ఎవరో, “ఆంధ్రామె గద, కావాలనే కలిపినట్టుంది” అన్నారు. నవ్వులు ఆగిపోయాయి. చేతిలో చిల్లుల గరిటెతో అలాగే నిలబడ్డాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

జనంలోంచి అంకుల్ వచ్చాడు. ప్లేటులోంచి ఒక భటూరా తీసుకుని, తుంచి, తొందర లేకుండా నమిలి, మొత్తం తినేశాడు. మూతి తుడుచుకుని, “సోడా జర ఎక్కువైంది, గంతే. పొద్దుగాలకెల్లి రెక్కలు పడిపోయేటట్టు పిసికింది, నేను చూడలేదా? కుట్ర చేసెటోళ్ళు గింత తిప్పల పడతరా?” అన్నాడు. తర్వాత పదకొండు రోజుల్లో మొదటిసారి నా వైపు తిరిగి, “ఏం చూస్తున్నవ్ బిడ్డా? గోధుమపిండి తెస్త, మామూలు పూరీలు ఒత్తు” అన్నాడు.

పిండి, ఉప్పు, నీళ్ళు. ఆంటీ కలిపితే నేను ఒత్తాను. పదో పూరీ దగ్గర నాకు జ్ఞానోదయమైంది. “ఆంటీ, ఇందులో పాలూ పెరుగూ లేవు! ఇదీ వేగనే!”

“మా అమ్మ ఎప్పటిసంది గిట్లనే చేస్తది. దానికి గంత పెద్ద పేరున్నదని ఆమెకు ఎరుకలేదు, పాపం.”

మధ్యాహ్నం దాకా పూరీలు వేయించాం. అంకుల్ నా పొయ్యి పక్కనే కూర్చుని తన ఊరి సంగతి చెప్పాడు. పక్కనే నది పారుతున్నా వాళ్ళకు చుక్క రాక, అక్కడి ఫ్లోరైడ్ బోరు నీళ్ళే తాగి తాగి వాళ్ళన్నకు ముప్పై ఏళ్ళకే నడుం వంగిపోయిందట. మెట్ల మీద నేనడిగిన ప్రశ్నకు అదే జవాబని ఆయనా అనలేదు, నేనూ అడగలేదు. పూరీలు తిప్పుతూ విన్నాను. అడ్డు చెప్పకుండా ఒక మనిషి మాట చివరిదాకా వినడం బహుశా నాకదే మొదలు.

ఇప్పుడా చౌరస్తా మీదుగా మెట్రో వెళ్తుంది. ఎప్పుడైనా అటు వెళ్తే, కింద పొయ్యి ముందు చెమటలు కక్కుతూ, సోడా చేతులతో ముక్కు తుడుచుకుంటున్న ఆ పిల్ల కనిపించినట్టే ఉంటుంది. కాస్త తక్కువ మాట్లాడవే తల్లీ అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినే రకం కాదులెండి.