బాబాయి గారి టీవీ అద్దం

స్పీకరు అక్కర్లేకుండా టీవీ అద్దంలోంచే మాట వచ్చేలా చేసి మా బాబాయి గారు పేటెంటు సంపాదించారు. ఆయన పోయి ఏడాదైంది. ఈ రోజు ఆ పేటెంటు కొంటామంటూ హైదరాబాదు నుంచి ఒకాయన అమలాపురం వస్తే, టీవీ వేసి చూపించమని పిన్ని నన్ను పిలిచింది.

హాల్లో మీట నొక్కాను. అద్దం సన్నగా వణికి, బాబాయి ఎప్పుడో రికార్డు చేసిన గొంతుతో అడిగింది.

"సుభద్రా, వినపడుతోందా?"

"ఆయ్, వినపడుతోందండీ!" వంటింట్లోంచి పిన్ని పలికింది.

ఆ జవాబుకి సరిపడా ఆగింది అద్దం. "కాస్త తగ్గించమంటావా?"

"వద్దండీ, ఉంచండి."

వచ్చినాయన నా మొహం చూశాడు. మాట ఎంత దూరం వినపడుతుందో కొలిచే పరికరాలు ఎన్నున్నా, వంటింట్లోంచి పిన్ని పలికితేనే బాబాయికి నమ్మకమని చెప్పాను. అద్దం మరేమీ అనకపోయేసరికి ఆపబోయాను.

"ఆపకు నాన్నా, ఇంకోటి అడుగుతారు," అంది పిన్ని, కాఫీలతో గుమ్మంలోకి వచ్చి.

నిజంగానే అడిగింది. "ఉన్నావా?"

"ఉన్నానండీ," అంది పిన్ని, ఈసారి చాలా నెమ్మదిగా.

వచ్చినాయన బేరం ఊసెత్తకుండానే వెళ్లిపోయాడు. నేనూ ఇంటికొచ్చి ఇంతవరకూ టీవీ పెట్టలేదు. ఇంతకీ "ఉన్నావా" అని అడగాల్సింది ఎవరు, పలకాల్సింది ఎవరు? మీరే చెప్పండి.