నిలబడ్డ బండికి ఆయిలెందుకు?

దేవదానం గురించి ఎవరైనా "పాపం, మంచివాడు" అని అక్కడితో ఊరుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. మంచివాడే, కాదన్నదెవరు? ఉత్త మంచివాడే అయితే ఇవాళ కూర్చుని చెప్పుకోవడానికి ఏముంటుంది? మనిషి మొండిఘటం. ఒక మాట పట్టుకున్నాడంటే ఎవరు చెప్పినా వదిలేవాడు కాదు. నవ్వుతూనే వినేవాడు, నవ్వుతూనే తాను అనుకున్నది చేసేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా కోపం వచ్చేది.

వరంగల్ స్టేషన్ నుంచి ఖిలాకు పోయే రోడ్డు మీద నాకొక టీకొట్టు ఉంది. నా పేరు రాజేశ్వరి, ఈ రోడ్డు మీద అందరికీ రాజక్కను. నా కొట్టును ఆనుకొనే సారంగపాణి మెకానిక్ షెడ్డు. మధ్యలో ఒక రేకు అడ్డం, అంతే. ఆయన అక్కడ తుమ్మితే ఇక్కడ నా గ్లాసులు కదులుతాయి. కాబట్టి ఆ షెడ్డులో ఎవరు ఎవరితో కొట్లాడినా నేను వినకుండా ఉండే వీలు లేదు. వినకుండా ఉండాలని నేనూ ఎన్నడూ అనుకోలేదు లెండి.

దేవదానం ఈ రోడ్డు మీదే డీజిల్ ఆటో నడిపేవాడు. రైలు దిగినవాళ్ళు, కోట చూడవచ్చినవాళ్ళు, కూరగాయల గంపలతో పొద్దున్నే ఎక్కే ఆడవాళ్ళు, అందరూ ఆయన బండికోసం చూసేవాళ్ళు. తొర్రూరు పక్క పల్లె ఆయనది. పెళ్ళైన కొత్తలో భార్య కృపమ్మను తీసుకొని వచ్చి, మట్టికోట గోడ కింద సందులో ఇల్లు చూసుకొని ఇక్కడే ఉండిపోయాడు. పిల్లలు కలగలేదు. కృపమ్మ బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఇద్దరే మనుషులు, ఒక ఆటో. ఆ ఇంట్లో ముగ్గురున్నట్టే ఉండేది.

వాళ్ళ చర్చిలో నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం సంస్కారంగా ఇస్తారు. వాళ్ళు దాన్ని బల్ల ఆదివారం అంటారు. ఆ ముందటి శనివారం పొద్దున దేవదానం ఆటో సారంగపాణి షెడ్డు ముందు ఆగిందంటే ఇంజిన్ ఆయిల్ మార్పించడానికే. బండి ఎంత తిరిగింది, ఆయిల్ ఎట్లా ఉంది, ఇవేవీ అడగడు. నెల తిరిగిందా, ఆయిల్ మారాల్సిందే. ప్రతి నెలా అదే తంతు, ప్రతి నెలా అదే కొట్లాట.

"బావా, నీకేమన్న పిచ్చా? మొన్ననే పోస్తిమి గద! ఇంక జిగట గూడ పోలే, జర చూడు," అని సారంగపాణి ఆయిల్‌ను వేళ్ళ మధ్య రుద్ది ఆయన ముక్కు దగ్గర పెట్టేవాడు. కృపమ్మ సారంగపాణిని అన్నా అంటుంది కాబట్టి వీళ్ళిద్దరూ బావా బావా అనుకునేవాళ్ళు.

"నువ్వు నట్టు ఇప్పు బావా."

"ఆయిల్‌కు క్యాలెండర్ తెల్వది, కిలోమీటర్లు తెలుస్తయి. బండి తిరిగితేనే ఆయిల్ ఖరాబైతది. నిలబడ్డ బండికి ఆయిలెందుకు మార్సుడు?"

"నా బండి తిరుగుతాంది గద."

"ఇంత తిరగలే అంటాన! రేపు మీ పాస్టరయ్య వచ్చి నీ ఇంజిన్ల కొలపుల్ల ముంచి చూస్తడా ఏంది?"

దేవదానం పెద్దగా నవ్వేవాడు. "ఆయన చూడకున్నా నాకు తెలుస్తది గద బావా. రేపు నేను మనసు కడుక్కొని బల్ల దగ్గరికి పోతాన. నెలంతా నాతోటి తిరిగిన బండి నల్లటి కడుపుతోటి బయట నిలబడుతదా?"

"నిలబడితే దానికేం సిగ్గా?"

"నాకు సిగ్గు."

ఇక నేను ఇవతలి నుంచి అరిచేదాన్ని. "చాయ్ సల్లారుతాంది, ఇద్దరు నోరు మూసుకొని తాగుండ్రి!" తాగేవాళ్ళు. తాగుతూ మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు. నవ్వీ నవ్వీ నాకు కడుపు నొచ్చేది. అంత మంచి కొట్లాట ఈ రోడ్డు మీద ఇప్పుడు ఎవరూ ఆడరు.

కిందటి వానాకాలంలో ఆయన కాళ్ళు వాచాయి. మొదట చెప్పులు పట్టలేదు, తరువాత బ్రేకు మీద కాలు ఆనలేదు. షుగరు ఎప్పటినుంచో ఉంది, మాత్రలు మింగేవాడు, అదీ గుర్తుంటేనే. ఆయిల్‌కు తప్పని శనివారం మాత్రకు తప్పేది. దవాఖానలో చూసి కిడ్నీలు రెండూ పోయాయన్నారు. వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయాలి, ఒక్కటి కూడా తప్పొద్దు, తప్పితే ప్రాణానికే మోసం అని డాక్టరు కృపమ్మకు విడమరిచి చెప్పాడు. ఆమె వచ్చి నాకు చెప్పి, నా కొట్టు వెనకాల కూర్చుని ఏడ్చింది.

ఆటోను సారంగపాణి తన షెడ్డులోకి తోసి పట్టా కప్పాడు. "లేచి వస్తడు, వచ్చినాక తోల్తడు," అన్నాడు. ఆ మాటలో నమ్మకం ఎంతో నాకు తెలియదు గానీ, అమ్మకానికి అడగవచ్చినవాణ్ణి మాత్రం నా కళ్ళముందే తిట్టి పంపాడు.

అప్పటినుంచి కృపమ్మ బతుకు బతుకు కాదు. పొద్దున్నే బడిలో వంట, అది దించీ దించకముందే ఇంటికి ఉరుకు, ఆయనకు అంగీ తొడిగి, భుజం పట్టుకొని సందు దాటించి, ఏదో ఒక ఆటో ఎక్కించి దవాఖానకు. అక్కడ మిషన్ మీద ఉన్నంతసేపు పక్కన నిలబడాలి, కూర్చోడానికి స్టూలు దొరికితే అదృష్టం. తిరిగి వచ్చేటప్పుడు ఆయన సగం సోయిలో ఉంటాడు, బరువంతా ఆమె మీదే. సారంగపాణి కుదిరినప్పుడల్లా వెంట పోయేవాడు, కానీ షెడ్డులో విప్పిన బండ్లు వదిలి ప్రతిసారీ పోలేడు కదా. కృపమ్మకు ముందే మోకాళ్ళ నొప్పి. ఒకరోజు దవాఖాన మెట్ల మీద ఆయన్ను పట్టుకొని దిగుతూ తానే జారి పడింది. ఆయన్ను మాత్రం వదల్లేదు, కింద తాను, మీద ఆయన. మోకాలు వాచి గుమ్మడికాయంత అయింది. అయినా మళ్ళీ వెళ్ళాల్సిన రోజు వెళ్ళింది.

ఆ తరువాత ఒకరోజు దేవదానం మంచం దిగనన్నాడు. డయాలసిస్‌కు పోను అన్నాడు.

కృపమ్మ బతిమాలింది, తిట్టింది, ప్రార్థన చేసింది. లాభం లేకపోయింది. నేను ఇడ్లీలు కట్టుకొని వెళ్ళాను. మొహం ఉబ్బిపోయి, గోడకు ఆనుకొని కూర్చున్నాడు. పడుకుంటే ఊపిరాడటం లేదట.

"ఏంది ఇది?" అన్నాను. "అందరి ప్రాణాలు తీస్తానవు?"

అదే నవ్వు నవ్వాడు. "రాజక్కా, సారంగం బావ ఇన్నేండ్లు మొత్తుకున్నడు. నాకు ఇప్పుడు సమజైంది. నిలబడ్డ బండికి ఆయిలెందుకు? నేనేడ తిరుగుతాన? మంచంలనే ఉంటాన. కదలనోని నెత్తురు ఎట్ల ఖరాబైతది?"

"నువ్వు బండివా?"

"బండి తోలెటోన్ని. నాకు గదే తెలుసు."

కొట్టాలన్నంత కోపం వచ్చింది. కృపమ్మ తలుపు దగ్గర నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. చదువుకున్నవాడు ఇట్లా మాట్లాడితే వాదించవచ్చు. ఈయనతో ఏమని వాదించను? మోటారు విద్య నాకేం తెలుసు? తప్పు ఎక్కడుందో తెలుస్తోంది, వేలు పెట్టి చూపడం చేతకాలేదు. ఇడ్లీల పొట్లం అక్కడ పెట్టి వచ్చేశాను.

డయాలసిస్‌కు పోకుండా వారం దాటింది. శనివారం పొద్దున సారంగపాణి చాయ్‌కి వచ్చినప్పుడు ఇక ఆపుకోలేక కడిగేశాను. "నీ మాటే చెప్తాండు. నిలబడ్డ బండికి ఆయిలెందుకట. పోయి నువ్వే చెప్పుకో!"

గ్లాసు ఆయన చేతిలోనే ఉండిపోయింది. "నా మాటనా?" అన్నాడు. తాగకుండానే లేచి షెడ్డులోకి పోయి ఆటో మీది పట్టా గుంజి పారేశాడు. కింద ఇనప తట్ట పెట్టి నట్టు విప్పాడు. వానాకాలం నుంచి కదలని బండి. ఆయిల్ మూత తీసి నాకు చూపించాడు. మూత లోపల తెల్లగా, మజ్జిగ విరిగినట్టు జిడ్డు పేరుకొని ఉంది. కింద తట్టలో పడుతున్నది చిక్కగా, ముద్దలు ముద్దలుగా ఉంది.

"నేను సగమే చెప్పిన రాజక్కా," అన్నాడు. "కిలోమీటర్లన్న కావాలె, నెలలన్న కావాలె, ఏది ముందొస్తే గప్పుడు మార్చాలె. నిలబడ్డ ఇంజిన్లకు గూడ చెమ్మ దిగుతది. ఆయన నెలనెల మార్పిస్తాంటే ఇగ గా రెండో ముక్క చెప్పుడెందుకని ఊకున్న."

ఆ ముద్దలను ఒక నీళ్ళ సీసాలోకి వంపుకొని బయలుదేరాడు. కొట్టు మూసి నేనూ వెంటపోయాను.

దేవదానం ఆ సీసాను వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. ఊపిరి గుర్రుగుర్రుమంటోంది. సారంగపాణి మంచం పక్కన నేల మీద కూర్చుని, "కదలని బండి బావా, నీ బండే. చూడు ఎట్లయిందో. నా మాట తప్పు. లే, పోదాం," అన్నాడు.

కృపమ్మ దగ్గరికి వచ్చింది. "రేపు బల్ల ఆదివారం. ఇయ్యాల శనివారం. బండి తోలినన్ని దినాలు ఎన్నడన్న తప్పినవా? నీ బండికి తప్పలే, నీకు తప్పుతవా?"

ఆయన ఆమెను చూశాడు. ఆమె మొహం కాదు, ఆ వాచిన మోకాలు చూశాడు. అప్పుడు నేను గమనించాను గానీ నా మట్టిబుర్రకు ఏమీ తట్టలేదు.

"సరే పోత," అన్నాడు. "గని బావా, నువ్వే తీస్కపో. కృపను రానియ్యకు. దాన్ని జర పండనీ."

ఆమె ససేమిరా అంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. "నువ్వొస్తే నేను రాను." ఎట్లాగో ఒప్పుకున్నాడు, అది చెడగొట్టడమెందుకని అందరం ఆమెకే నచ్చచెప్పాం. నేను కూడా చెప్పాను. సారంగపాణి ఆయన్ను దాదాపు ఎత్తుకొనే సందు దాటించి ఆటోలో కూర్చోబెట్టాడు. దేవదానం వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు.

కృపమ్మ గోడ వారన చాప వేసుకొని ఒరిగింది. ఎన్ని రోజుల నిద్రో, తల ఆనించగానే గురక పెట్టింది. నేను ఈగలు తోలుతూ పక్కన కూర్చున్నాను. ఎండ గడప దాటి లోపలికి వస్తున్న వేళకు సారంగపాణి నాకు ఫోన్ చేశాడు. మిషన్ మీదికి ఎక్కించే ముందు తూకం చూస్తుంటే ఒరిగిపోయాడట. గుండె ఆగింది. ఎంత చేసినా తిరిగి రాలేదు.

ఇక ఆమెను లేపాల్సింది నేను. నా జన్మలో ఏ పనికీ అంత వెనకాడలేదు. ఆ మొహం చూస్తే ఇంకాసేపు పడుకోనిద్దామనిపించింది. లేపాను.

ఆదివారం ఆరాధన అయ్యాక అటునుంచి అటే సమాధుల తోటకు వెళ్ళారు. ఆటోవాళ్ళందరూ వచ్చారు. సారంగపాణి మట్టి వేసి అక్కడే కూలబడ్డాడు. ఆ తరువాత కూడా మనిషి మనిషిలా లేడు. షెడ్డు తెరుస్తాడు, పానా పట్టుకుంటాడు, పెట్టేస్తాడు. "నేనే చంపిన రాజక్కా, నా నోరే చంపింది," అనేవాడు. ఎవరైనా బండి తెచ్చి ఆయిల్ ఎప్పుడు మార్చాలని అడిగితే లోపలికి వెళ్ళిపోయేవాడు. నాకూ అదే అనిపించేది, అబద్ధమెందుకు చెప్పాలి? అదే మాట పైకి అనకుండా చాయ్ ఇచ్చేదాన్ని.

కొన్నాళ్ళకు కృపమ్మ తనే షెడ్డుకు వచ్చింది, మోకాలు ఈడ్చుకుంటూ. సారంగపాణి లేచి రెండు చేతులూ పట్టుకున్నాడు. "చెల్లే, నన్ను మన్నించు. ఆయనకు సగం మాటే చెప్పిన. గది పట్టుకొనే పాయె."

కృపమ్మ కూర్చుంది. ఏడవలేదు.

"ఆయన దవాఖానకు పోవుడు బంద్ చేసింది నీ మాట నమ్మి కాదన్నా. మేము ఇక్కడికి రాకముందు తొర్రూరుల మిల్లు ఇంజిన్ చూసింది ఆయననే. వడ్లు లేని కాలంల మిల్లు నెలలకు నెలలు నిలబడుతుండె. కదలకున్నా ఆయిల్ ఖరాబైతదని తీసి పారబోసి కొత్తది పోసేటోడు. నీ సీసాల ఉన్నది ఆయనకు కొత్తదా?"

"మరి ఎందుకట్ల అన్నడు?"

"నేను మెట్ల మీద పడ్డ గద. ఆనాటిసంది నా మోకాలు దిక్కే చూసుడు. 'నీతోని చాతనైతలేదు, ఇగ నేను రాను' అని ఆయనంటే నేను ఊకుంటనా? కొట్లాడి గుంజుకపోదును. అందుకే నీ మాట ముంగట పెట్టిండు. ఇంజిన్ల సంగతి నాకేం తెలుసు, ఏమని కొట్లాడుదు? ఆయన నిన్ను నమ్మలే, నన్ను గెలిచిండు."

ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"నన్ను పండనీ అన్నడు గద. నేను పండుకున్ననే అన్నా! అక్కడ ఆయన పానం పోతాంటే, ఇక్కడ నేను మంచిగ నిద్ర పోయిన."