ఎర్రగడ్డకు ఇంటు గుర్తు

మొన్న డిగ్రీ చదివే మా మనవరాలు మనస్తత్వశాస్త్రం పుస్తకం ముందేసుకుని స్వతంత్ర చరం, పరతంత్ర చరం అని పైకి వల్లె వేస్తుంటే నాకు ఒళ్లు మండింది. తప్పు ఆ పిల్లది కాదు. ఐదో తరగతితో బడి మానినవాణ్ణి, యాభై ఏళ్ల కిందట నంద్యాలలో పంతుళ్లకు శిక్షణ ఇచ్చే కళాశాలలో అటెండరుగా ఉంటూ, పుస్తకాలకు అట్టలు వేస్తూ ఆ మాటలు నాకు నేనే నేర్చుకున్నాను. మనం మార్చి చూసేది ఒకటి, దాన్నిబట్టి మారేది ఒకటి, మనకు తెలియకుండా మధ్యలో దూరి లెక్కంతా చెడగొట్టేది ఇంకొకటి.

అప్పట్లో కోస్తా నుంచి కొత్తగా వచ్చిన లెక్చరరు ఒకాయన, మంచి మనిషే, బడికి రోజూ వచ్చే పిల్లలకు తెలివి ఎంత పెరుగుతుందో కనుక్కోవాలని, బొమ్మల అట్టలు మోయడానికి నన్ను తోడు పెట్టుకుని ఆళ్లగడ్డకు బయలుదేరాడు. పరిశీలన జరిగేచోట పక్కవాడు నోరు మెదపకూడదనీ, దగ్గినా ఫలితం చెడుతుందనీ బస్సులో నాకు పదేపదే చెప్పాడు. ఆయన మార్కులు వేసే కాగితాలను బట్టే పిల్లల్ని రెండో తరగతికి పంపుతానని అక్కడి బడి హెడ్మాస్టరు ముందే అన్నాడు.

నేను గుమ్మం దగ్గర కూర్చున్నాను. మూడో పిల్ల మా అక్క కూతురు. నన్ను చూసి నవ్వితే తల తిప్పుకున్నాను. ఉల్లిపాయ బొమ్మ చూపి ఇదేమిటమ్మా అంటే ఎర్రగడ్డ అంది. జవాబుల కాగితంలో ఆ మాట లేదు కనుక ఆయన ఇంటు కొట్టాడు. వేరుశనగకు చెనిక్కాయ అంది, బంగాళాదుంపకు ఉర్లగడ్డ అంది. ఇంటు, ఇంటు. ఆయన మళ్లీ ఉల్లిపాయ చూపి నెమ్మదిగా అడిగేసరికి, పాపం ఆయనకు చెవుడనుకుందేమో, గది అదిరేలా అరిచింది.

"ఎర్రగడ్డ సార్, ఎర్రగడ్డ!"

మధ్యలో దూరింది ఏమిటో నాకు అప్పుడే తెలిసింది. అయినా దగ్గలేదు.

కాగితాలు హెడ్మాస్టరు చేతికిచ్చి తిరుగుబస్సు ఎక్కాక గాని నాకు నోరు రాలేదు.

"సార్, ఎర్రగడ్డంటే ఉల్లిపాయే సార్."

"అయ్యో, అప్పుడే చెప్పలేదేమయ్యా?"

"నోరు మెదపొద్దంటిరి గదా సార్!"

జవాబుల కాగితం అన్ని జిల్లాలకూ ఒకటేననీ, ఒకచోట దిద్దితే అన్నిచోట్లా దిద్దాలనీ ఆయన గొణిగి కిటికీ వైపు తిరిగాడు. మర్నాడు నేనే వెళ్లి హెడ్మాస్టరుకు చెప్పాను. అటెండరు మాటకు అచ్చుకాగితాన్ని కాదంటాడా? ఆ పిల్ల ఒకటో తరగతిలోనే మిగిలింది.

"మళ్లా ఒకటోదే సదవల్లంట. సాల్లే బామ్మర్దీ, ఇంగ మేకలెంబడి పోనీ," అన్నాడు మా బావ. అక్క ఎప్పటిలాగే నాకు అన్నం వడ్డించింది. తిట్టి ఉంటే బాగుండేది.

పోయిన నెల ఆ అక్క కూతురితోనే ఆళ్లగడ్డ సంతకు వెళ్లాను. ఆమెకూ తల నెరిసింది.

"ఉల్లిపాయలు ఒక కిలో ఇయ్యప్పా," అంది అంగడివాడితో.

"ఎర్రగడ్డలాక్కా?"

తల ఊపింది గాని ఆ మాట మాత్రం నోట పలకలేదు.

మా మనవరాలి పుస్తకంలో ఇప్పుడు పిల్లల ఇంటిమాట కూడా ఒక చరమేనని పేజీడు రాశారు. చక్కగా రాశారు. ఆ పేజీ చదివే పిల్ల మా ఇంట్లో ఆనియన్ అంటుంది. నేను మాత్రం ఏ అంగడికి పోయినా పదిమందికీ వినబడేటట్టు ఎర్రగడ్డలనే అడుగుతాను, ఆ గుమ్మం దగ్గర ఒక్కసారి అనవలసిన మాట.