దలాల్ భిక్షపతి లైసెన్సు

లాడ్ బజార్ సందులో ఇండ్లు అమ్మిపెట్టే దలాల్ భిక్షపతికి ఒళ్లంతా నోరే. "మనది సర్కారు లైసెన్సు" అంటూ, మూడు సింహాల ముద్ర ఉన్న చిన్న పుస్తకాన్ని అద్దంలో బిగించి గోడకు తగిలించాడు. చదువురానివాళ్లు దానికి దండం కూడా పెట్టేవాళ్లు. గాజులమ్మే నీలమ్మకు ఉన్నది ఒక్క రెండు గదుల ఇల్లు. దాని అమ్మకం అతనికి అప్పగిస్తూ వేలిముద్ర వేయబోయింది. తోడు వచ్చిన పక్కింటి కాలేజీ పిల్ల రహీమా అద్దం దగ్గరికి వెళ్లి చదివింది.

"ఖాలా, ఇది ఇంట్ల రేడియో పెట్టుకోనీకి పోస్టాఫీసోళ్లిచ్చిన లైసెన్సు!"

"గదీ సర్కారుదే కదా!" అన్నాడు భిక్షపతి సిగ్గులేకుండా.

నీలమ్మ సిరా వేలిని అతని గోడకే తుడిచింది.

"గట్లయితే రేడియో పెట్టు భిక్షపతీ, ఒక పాట ఇని పోత. ఇల్లు నేనే అమ్ముకుంట."