రెండో దెబ్బ

వీధిలో అందరికీ ఆమె ఇస్త్రీ పిన్ని. ఇరవై రెండేళ్లుగా ముందుగదిలో బల్ల వేసుకుని బొగ్గుల పెట్టెతో బట్టలు ఇస్త్రీ చేస్తోంది. కాలర్ దగ్గర చిన్న ముడత కనిపించినా నీళ్లు చల్లి మళ్లీ మొదలుపెట్టే రకం. నోరు మాత్రం ఊరుకోదు. "ఈ ప్యాంటుకి మూడు గీతలున్నాయిరా, నువ్వు ఏ గీత మీద నడుస్తావు?" అని పక్కింటి గుమాస్తాని ఏడిపించేది. భర్త బస్సు డ్రైవరు. పొద్దున్నే డ్యూటీకి వెళ్తే సాయంత్రానికి గానీ రాడు.

ఆ రోజు పదింటికి కూతురు వంటింట్లో కూరలు తరుగుతోంది. గిన్నె పడ్డ చప్పుడు, వెంటనే "అమ్మా!" అని కేక. పిన్ని చేతిలో పెట్టెతోనే పరిగెత్తింది.

పెరటి తలుపు తోసుకుని వచ్చిన వాడెవడో పిల్ల జుట్టు పట్టుకుని మెడకి కత్తి ఆనించాడు. అప్పటికే రక్తం కారుతోంది.

"వదులు," అంది పిన్ని.

వాడు కత్తి ఇంకాస్త నొక్కాడు. పిన్ని పెట్టె ఎత్తి వాడి తల మీద కొట్టింది. వాడు కూలబడ్డాడు. నేలంతా నిప్పులు. వాడు చెయ్యి ఆన్చి లేవబోయాడు. కత్తి ఇంకా వాడి చేతిలోనే ఉంది. పిన్ని మళ్లీ కొట్టింది.

వాడు మరి కదల్లేదు.

పోలీసులు వచ్చేసరికి ఆమె నిప్పుల మీద నీళ్లు చల్లుతోంది. తన అరిచేతులు బొబ్బలెక్కిన సంగతి కూడా ఆమెకి తెలియదు.

సాయంత్రం, పిల్ల మెడకి కట్టు కట్టించి, స్టేషన్లో జరిగింది చెప్పి ఆమె వచ్చేసరికి గుమ్మం ముందు జనం మూగారు. "నువ్వు పులివి పిన్నీ!" అన్నాడు గుమాస్తా.

ఆమె బూతు మాట విన్నట్టు చూసింది. "మనిషి చచ్చిపోయాడురా. పాతికేళ్లు కూడా ఉండవు."

కేసు కోర్టుకెక్కింది. రెండు దెబ్బలూ గాభరాలో వెంటవెంటనే పడ్డాయని చెప్తే చాలన్నాడు వకీలు. ఆమె తలూపింది. బోనెక్కాక మాట తప్పింది.

"రెండోసారి ఎందుకు కొట్టారమ్మా?" అడిగాడు జడ్జి.

"లేస్తున్నాడండి."

"మీ మీదికి రావడానికా?"

"తెలీదండి. పారిపోవడానికేమో. మొహం తలుపు వైపుంది."

వకీలు తల పట్టుకున్నాడు. జడ్జి తీర్పులో మాత్రం ఆత్మరక్షణే అన్నాడు, ఆమెని వదిలేశారు.

"ఇంక మర్చిపోవే," అన్నాడు భర్త.

"తప్పు చెయ్యలేదని నాకూ తెలుసండీ. మళ్లీ అలా జరిగితే మళ్లీ కొడతాను. అదే నన్ను తినేస్తోంది."

ఆర్నెల్ల తర్వాత, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, చచ్చినవాడి తల్లిని వెతుక్కుంటూ వెళ్లింది. ఆవిడ ఒక ఆసుపత్రిలో గచ్చు తుడుస్తోంది. పిన్ని తానెవరో చెప్పింది. ఆవిడ తుడిచే కర్ర గోడకి ఆనించి, పిన్ని చేతుల వంకే చూస్తూ నిలబడింది.

"వాడు నన్నూ కొట్టేవాడు," అంది చివరికి. "మీ పిల్లని చంపేసేవాడే. నాకు తెలుసు."

పిన్నికి అప్పటికి ఊపిరాడినట్టయింది.

"అయినా పొద్దున్నే వాడికీ ఒక గ్లాసు టీ పోసేస్తున్నా. మర్చిపోయి."

పిన్ని మెట్ల మీద కూలబడింది. ఆవిడ కర్ర తీసుకుని, మిగిలిన గచ్చు తుడవడానికి వెళ్లిపోయింది.