పాలెం బడిలో సముద్రం పీరియడు

ఉదయం ఆరు ఇరవైకి అక్క ఫోనుకు మెసేజి వచ్చింది, రీఛార్జి గడువు ముగియబోతోందని. అక్క చనిపోయి పది నెలలైంది. ఆ ఫోనును ఛార్జింగులో పెడుతున్నదీ, రీఛార్జి చేయిస్తున్నదీ నేనే. ఎందుకని అడిగినవాళ్ళకు ఏమీ చెప్పలేదు. ఆ శుక్రవారం మాత్రం చెప్పడానికి కారణం ఉంది. ముత్తుకూరు దాటాక సముద్రపు ఒడ్డున ఉన్న ఒక పాలెంలో, అక్క సైన్సు చెప్పిన హైస్కూలుకు దాన్ని తీసుకుపోవాలి.

హెడ్మాస్టరు గారు అంతకు రెండు రోజుల ముందు ఫోను చేశారు. పిల్లలు ఏళ్ళ తరబడి నింపిన కెరటాల పట్టిక ఇంటర్నెట్లో అక్క ఖాతాలో ఉంది. అది తెరవాలంటే అక్క నంబరుకు ఓటీపీ రావాలి. "పైనుంచి అధికారులు వస్తా ఉండారు మేడమ్. అది చూపిస్తే బడికి పేరొస్తుంది. మీరు రాకపోయినా పర్లేదు, ఫోన్లో ఆ అంకెలు చెప్తే చాలు" అన్నారు. నేనే వస్తానన్నాను. పట్టిక తెరుస్తున్నారంటే ఆ క్లాసు మళ్ళీ మొదలుపెడతారేమో అనుకున్నాను. ఆ ఒక్క ఆశతోనే బయలుదేరాను.

ఏడు గంటలకు గూడూరు బస్టాండులో నెల్లూరు బస్సు దొరికింది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు సున్నా టికెట్టు. కార్డు మరిచిపోకండి. మనుబోలు దాకా బస్సు లారీల వెనకే పోయింది. ఎనిమిదింబావుకు నెల్లూరు. అక్కడ కారం దోసె తిని, టీ తాగి, తొమ్మిదింటికి ముత్తుకూరు బస్సెక్కాను. ఉదయాన్నే చేపలు తెచ్చి అమ్ముకొని ఖాళీ తట్టలతో తిరిగి పోతున్న ఒకావిడ పక్కన చోటు దొరికింది.

"యాడికి మా?"

"పాలెం బడికి."

"రత్నం టీచరమ్మ బడికా? ఆ యమ్మ పోయింది గదా."

"నేను ఆమె చెల్లెల్ని."

ఆవిడ నన్ను ఒకసారి తేరిపార చూసింది. "ఆ యమ్మ మా పిలకాయల్ని ఇంటికి పంపించి అడిగించేది, ఈ పొద్దు కెరటం ఎంత లేచిందని. నాలుగింటికి లేచి వలేసి వచ్చి మా ఆయన పడుకోనుంటే, తట్టి లేపేది మా బిడ్డ. ఈ టీచరుకి నా నిద్రతో ఏం పని అని తిట్టుకునేవాడు. తిట్టుకుంటానే చెప్పేవాడు" అంది. ముత్తుకూరులో దిగేటప్పుడు, "ఇప్పుడు బడిలో పెద్ద టీవీ పెట్టినారులే. మా ఆయన బాగా నిద్రపోతుండాడు" అంది.

ముత్తుకూరు నుంచి పాలేనికి షేరాటోలు. మనిషికి ముప్పై. నిండేదాకా కదలవు, అరగంట చేతిలో పెట్టుకోండి. పోర్టు లారీల దుమ్ము చీరల మీద పడుతుంది, లేతరంగులు కట్టుకోవద్దు. పదిన్నరకు బడి ముందు దిగాను. సరుగుడు తోపు వెనక సముద్రం వినిపిస్తోంది.

చూడని వారికి ఆ క్లాసు గురించి చెప్పాలి. తీరానికి దూరంగా, లోతు నీళ్ళలో, లంగరేసి వదిలిన, నీటి మీద తేలే పరికరం, బోయా, ఒకటి ఉంది. కెరటాల ఎత్తు, గాలి వేగం అదే కొలిచి పంపుతుంది. ఆ అంకెలు ఇంటర్నెట్లో ఎవరైనా చూడొచ్చు. వారానికి రెండు రోజులు మొదటి పీరియడులో అక్క వాటితో లెక్కలూ సైన్సూ చెప్పేది. అయితే ఫోను తెరిచే ముందు, ఈ పొద్దు కెరటం ఎంత ఉందో పిల్లలు చెప్పాలి. ఒడ్డున తాము చూసిందో, ఇంట్లో అడిగి వచ్చిందో. అది ఒక గడిలో రాశాక, పక్క గడిలో బోయా అంకె. రెంటికీ రెండు గీతలు. ఆ గీతల మధ్య దూరమే పాఠం. బోయా చెప్పిన దానికన్నా పిల్లలు చెప్పింది చాలా రోజులు ఎక్కువే ఉండేది. ఎందుకని ఒక నెలంతా వాళ్ళనే ఆలోచించమందట. లోతులో చిన్నగా ఉన్న కెరటం ఒడ్డు దగ్గర ఇసుక తిన్నె మీదికి వచ్చేసరికి పైకి లేస్తుంది. పిల్లలు తప్పు చెప్పలేదు, బోయా కూడా తప్పు చెప్పలేదు. ఆదివారాలు చర్చి నుంచి వచ్చాక అక్క నాకు ఫోనులో ఇవే చెప్పేది. నేను సగం వినేదాన్ని.

హెడ్మాస్టరు గారు మర్యాదస్తులు. కుర్చీ వేయించి, మజ్జిగ తెప్పించారు. కంప్యూటరు సారుకు పాతికేళ్ళుంటాయి. పదకొండింటికి అక్క ఫోనుకు అంకెలు వచ్చాయి, చదివి చెప్పాను. గోడ మీద కొత్త తెర వెలిగి పట్టిక తెరుచుకుంది. పిల్లల గడుల్లో న, భు, త అని అక్షరాలు, వాటి పక్క గడుల్లో బోయా అంకెలు. కింద రెండు గీతలు, పైది ఎగుడుదిగుడుగా, కిందిది కాస్త నింపాదిగా. అక్క ఆసుపత్రిలో చేరిన వారంతో రెండూ ఆగిపోయాయి.

"ఖాతాకు నా నంబరు పెట్టేసినాను మేడమ్. ఇంక మీకు శ్రమ ఉండదు" అన్నారు సారు.

మధ్యాహ్నం బడి భోజనమే పెట్టారు. అన్నం, సాంబారు, గుడ్డు. బాగుంది. రెండింటికి అధికారిణి ఒకరు కారులో వచ్చారు. తొమ్మిదో తరగతి గదిలో ఆ తెర మళ్ళీ వెలిగించారు. నేను వెనక బెంచీలో కూర్చున్నాను.

తెర మీద రెండు గీతలు లేవు. ఒకటే గీత ఉందనుకున్నాను. సారు పెద్దది చేసి చూపించాక తెలిసింది, రెండూ ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. పిల్లల గడుల్లో అక్షరాలు పోయి, బోయా అంకెలకు అటూ ఇటూగా మీటర్లు వచ్చాయి.

"మా పిల్లల పరిశీలనలో ఖచ్చితత్వం చూడండి మేడమ్" అన్నారు హెడ్మాస్టరు గారు.

అధికారిణి మెచ్చుకున్నారు. ముందు వరుసలో పిల్లవాణ్ణి లేపి, "ఈ సమాచారం ఎక్కడిది బాబూ?" అన్నారు.

"ఇంటర్నెట్లోది మేడమ్."

చప్పట్లు కొట్టారు. తెర ముందు అందరినీ నిలబెట్టి ఫొటో తీశారు. కిటికీలోంచి సముద్రం హోరు వినబడుతూనే ఉంది. అటు ఎవరూ తల తిప్పలేదు.

కారు వెళ్ళాక కంప్యూటరు సారును అడిగాను. ఆయన దాచలేదు. "తేడా కనపడితే ఎందుకని అడుగుతారు మేడమ్. పిలకాయలవి ఉత్త అంచనాలే గదా. అన్నం తినే లోపల సరిచేసేసినాను."

కుర్చీలు సర్దుతున్న పదో తరగతి అమ్మాయి భార్గవి ఈ మాటలు వింది. సారు వెళ్ళేదాకా ఆగి నా దగ్గరికి వచ్చింది.

"పాతవి యాడికీ పోవు మేడమ్. దాంట్లోనే అడుగున ఉంటాయి, వెనక్కి తేవచ్చు. టీచరమ్మే నేర్పించింది."

"ఆ అక్షరాలేంటమ్మా?"

"నడుము, భుజం, తల. కెరటం ఎందాకా వచ్చిందో అది. మొదట్లో ఎవురి నడుము వాళ్ళు చెప్పేవాళ్ళం. మా క్లాసులో చిన్నబ్బి అని బుడ్డోడు ఉండాడు, వాడికి రోజూ తల మునిగేది. తుపానొచ్చిందిరా మీ ఇంటికి అని ఏడిపించేవాళ్ళం. వాడు ఏడ్చినాడు. అప్పుడు టీచరమ్మ, ఇంక నన్ను పెట్టుకొని చెప్పండి, నన్ను రోజూ చూస్తా ఉండారు గదా అనింది. గోడకి నిలబడితే మేమే టేపుతో కొలిచినాం. నడుము తొంభై రెండు, భుజం నూట ఇరవై ఐదు, తల నూట యాభై రెండు సెంటీమీటర్లు. ఆ గోడకే ఇప్పుడు తెర బిగించినారు."

అక్కను సమాధి చేసే రోజున, పెట్టె చేసే ఆయన ఎత్తు ఎంత అని అడిగితే ఇంట్లో ఎవరికీ తెలియలేదు. ఉజ్జాయింపుగా చెప్పాము.

నేను హెడ్మాస్టరు గారి గదికి వెళ్ళి, పాత అంకెలు తిరిగి పెట్టించమని అడిగాను. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"మీ బాధ నాకు తెలుసమ్మా. రత్నం గారంటే నాకూ గౌరవమే. కానీ వాళ్ళు చూసి పోయినారు, ఫొటో పైకి పోయింది. ఇప్పుడు మారిస్తే మనమే తప్పు చేసినామని ఒప్పుకున్నట్టు. ఉండనీండి."

"క్లాసు మళ్ళీ మొదలుపెడతారా?"

"సైన్సుకి మనిషే లేడు గదమ్మా. సారే అది కూడా చూస్తుండాడు. చూద్దాం."

నాలుగింటికి ఆటో ఎక్కాను. ముత్తుకూరులో బస్సుకు ముప్పావు గంట ఆగాలి, తాగే నీళ్ళు వెంట ఉంచుకోండి. దోవలో అక్క ఫోనులో పట్టిక తెరవబోయాను. పాస్‌వర్డు మారిందని చెప్పింది. నెల్లూరులో గూడూరు బస్సెక్కేసరికి ఆరున్నర. పక్క సీటులో థర్మల్ ప్లాంటులో పనిచేసే కుర్రవాడు మనుబోలు దాకా నిద్రపోయాడు, దిగేటప్పుడు నా సంచి అందించి దిగాడు.

బడి శుభ్రంగా ఉంది. తెర పెద్దది, ఇంటర్నెట్టు అక్క రోజులకన్నా వేగం. పట్టిక ఆ తెర మీద ఎవరైనా చూడొచ్చు, రెండు గీతలూ చక్కగా కలిసిపోయి ఉంటాయి. అసలువి వాటి అడుగున ఉన్నాయి. తీసే అధికారం ఉన్నవారికి అక్కర లేదు. వారానికి రెండు రోజులు ఆ మొదటి పీరియడులో ఇప్పుడు తెర మీద ప్రశ్నలు పెట్టి పిల్లల చేత జవాబులు నొక్కిస్తున్నారు. ఈ పొద్దు కెరటం ఎంత ఉందని పిల్లల్ని ఎవరూ అడగడం లేదు.